హ్యాండీక్యామ్ వీడియో ఓపెన్ అవ్వట్లేదా? ఫైల్ పాడవలేదు, పద్ధతి మారాలంతే!

ఇంట్లో ‘కంప్యూటర్ బాగా తెలిసిన మనిషి’ మీరే అయితే ఈ పని ఎప్పుడో ఒకప్పుడు మీ మీద పడుతుంది. అల్మారా పై అరలోంచి నల్ల బ్యాగ్ ఒకటి కిందకి దిగుతుంది. అందులో పాత క్యామ్‌కార్డర్, చుట్టలు చుట్టుకుపోయిన వైర్లు, ఒక మెమరీ కార్డో నాలుగు చిన్న క్యాసెట్లో ఉంటాయి. “అక్క ఓణీల ఫంక్షన్ ఇందులోనే ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీలో పెట్టు” అంటారు. మీరు కార్డు పెట్టి డబుల్ క్లిక్ చేస్తారు. ఒక ఫైల్ అసలు ఓపెనే అవ్వదు. ఇంకోదాంట్లో బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. మూడోదాంట్లో మనిషి చెయ్యి ఊపితే చేతి అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు. పది నిమిషాలు తంటాలు పడ్డాక ఇంట్లో తేల్చే మాట ఒకటే: “ఫైల్ కరప్ట్ అయిపోయింది.”

చాలాసార్లు ఏదీ కరప్ట్ అవ్వదు. ఆ ఫైల్స్ అప్పటి టీవీలకీ, డీవీడీ ప్లేయర్లకీ తగ్గట్టు తయారయ్యాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి వాటి భాష కొంచెం తెలియాలి, అంతే. అసలు నష్టం ఫార్మాట్ వల్ల జరగదు, కంగారులో మనం చేసే పనుల వల్ల జరుగుతుంది. కనిపించిన ఫ్రీ కన్వర్టర్‌లో వేసి ఒరిజినల్ డిలీట్ చేయడం, రెండు కార్డుల్లోని ఫైల్స్ ఒకే ఫోల్డర్‌లో పోయడం, కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే ‘ఎస్’ కొట్టేయడం.. వీటి వల్లే వీడియోలు పోతాయి. ఇప్పుడు లేని తాతయ్య నవ్వు, నాయనమ్మ గొంతు ఆ ఒక్క క్లిప్‌లోనే ఉంటే, దానికి రెండో టేక్ ఉండదు కదా. కాబట్టి ఈ గైడ్‌లో వరస ముఖ్యం. ముందు కాపీ, తర్వాత ప్లే, చివరికి ఎడిట్.

స్టెప్ 1: ముందు మొత్తం కార్డుని ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి

హార్డ్ డిస్క్ లేదా మెమరీ కార్డు ఉన్న క్యామ్‌కార్డర్ అయితే మొదట కార్డు పక్కనున్న లాక్ స్విచ్ కిందికి జరపండి. అప్పుడు కంప్యూటర్ పొరపాటున కూడా అందులో ఏమీ రాయలేదు. లోపల హార్డ్ డిస్క్ ఉన్న మోడల్ అయితే బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇన్నేళ్లు పక్కన పడేసిన బ్యాటరీ మధ్యలో ఆగిపోవచ్చు. అసలు ఛార్జర్ పెడితేనే యూఎస్‌బీలో కనెక్ట్ అయ్యే మోడల్స్ కూడా ఉన్నాయి.

తర్వాత వీడియో ఫైల్స్ మాత్రమే ఏరుకోకుండా కార్డులో ఉన్న అన్ని ఫోల్డర్లూ కాపీ చేయండి. ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో వీడియో ఎక్కడో లోపల ఉంటుంది: ప్రైవేట్, అందులో ఏవీసీహెచ్‌డీ, అందులో బీడీఎంవీ, అందులో స్ట్రీమ్. ఆ చివరి ఫోల్డర్‌లో 00000.ఎంటీఎస్, 00001.ఎంటీఎస్ అని ఫైల్స్ కనిపిస్తాయి. పక్కనే క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్ అని చిన్న చిన్న ఫోల్డర్లు ఉంటాయి. వాటి సైజు చూసి “ఇవెందుకులే” అనిపిస్తుంది. కానీ ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో రాసి ఉండేది వాటిలోనే. కొన్ని ఎడిటర్లు ఈ మొత్తం నిర్మాణం ఉంటేనే క్లిప్స్‌ని సరిగ్గా కలుపుకుంటాయి.

ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది, చూసి నడవాలి. చాలా కెమెరాలు కొత్త కార్డు పెట్టినా, ఫార్మాట్ చేసినా నంబర్లు మళ్లీ 00000 నుంచే మొదలుపెడతాయి. అంటే గృహప్రవేశం కార్డులోనూ 00000.ఎంటీఎస్ ఉంటుంది, అన్నప్రాసన కార్డులోనూ అదే పేరుతో ఇంకో ఫైల్ ఉంటుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లోకి లాగి, విండోస్ అడగ్గానే ‘రీప్లేస్’ నొక్కితే గృహప్రవేశం గోవిందా! అందుకే ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డర్ పెట్టండి. ‘2009_గృహప్రవేశం_కార్డు1’ లాంటి పేరు చాలు.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫైల్స్ సంఖ్య, మొత్తం సైజు సరిపోల్చండి. టెరాకాపీ లాంటి టూల్ వాడితే కాపీ అయిన ప్రతి ఫైల్‌నీ మళ్లీ చదివి వెరిఫై చేస్తుంది. ఎవరైనా కార్డులోని వీడియోలు ఇప్పటికే డిలీట్ చేసి ఉంటే ఆ కార్డు మీద ఇంకేమీ రికార్డ్ చేయకండి. ఫోటోరెక్ అనే ఉచిత టూల్‌తో తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. దొరికినవాటిని వేరే డ్రైవ్‌లోనే సేవ్ చేయాలి, అదే కార్డులోకి కాదు.

స్టెప్ 2: మీ దగ్గర ఉన్నది ఏ రకం ఫైల్?

మనవాళ్లు ఏ కంపెనీదైనా ‘హ్యాండీక్యామ్’ అనే అంటారు. నిజానికి అది సోనీ పెట్టుకున్న పేరు. కంపెనీ పేరు కంటే ఫైల్ చివర ఉండే ఎక్స్‌టెన్షన్ మనకి ఎక్కువ చెబుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఓపెన్ చేసి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే అది కనిపిస్తుంది.

ఎంటీఎస్, ఎం2టీఎస్: ఇది ఏవీసీహెచ్‌డీ. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ప్రకటించిన ఫార్మాట్. లోపల వీడియో హెచ్.264, ఆడియో ఎక్కువగా డాల్బీ ఏసీ-3. మొదటి వెర్షన్‌లో గరిష్ఠంగా సెకనుకు 24 మెగాబిట్లు, 2011లో వచ్చిన రెండో వెర్షన్‌లో 28 మెగాబిట్లు. మన దగ్గర పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు ఎక్కువగా వాడిన సోనీ ఎంసీ2500 లాంటి భుజం మీద పెట్టుకునే కెమెరాలు కూడా ఇదే రాస్తాయి. అంటే స్టూడియోవాళ్లు ఇచ్చిన ‘రా ఫుటేజ్’ హార్డ్ డిస్క్ మీ దగ్గరుంటే దానికీ ఈ గైడ్ పనికొస్తుంది.

మోడ్: జేవీసీ ఎవెరియో, ఇంకా కొన్ని పానసోనిక్, కానన్ మోడల్స్. లోపల ఉండేది డీవీడీల్లో ఉండే ఎంపెగ్-2 వీడియోనే. కాపీ చేసిన ఫైల్ పేరు చివర ఎంపీజీ అని మార్చితే చాలా ప్లేయర్లు వెంటనే తీసుకుంటాయి. పేరు మార్చడం కన్వర్ట్ చేయడం కాదు కాబట్టి క్వాలిటీ ఏమీ తగ్గదు. ఇదే ‘మోడ్’ పేరుతో పాత రోజుల్లో ఒక మ్యూజిక్ ఫైల్ ఫార్మాట్ కూడా ఉండేది. అందుకే కొన్ని ప్లేయర్లు మీ అక్క ఫంక్షన్‌ని పాట అనుకుని తికమక పడతాయి. పక్కనే ఉండే ఎంఓఐ ఫైల్స్ కూడా దాచండి. వాటిలో తేదీ, స్క్రీన్ ఆకారం లాంటి వివరాలు ఉంటాయి.

టోడ్: జేవీసీ హెచ్‌డీ ఎవెరియోల్లో వచ్చింది. ఇదీ ఎంపెగ్-2నే, కాకపోతే హై డెఫినిషన్.

వాబ్, వీఆర్‌ఓ: చేతిలో ఇమిడిపోయే 8 సెంటీమీటర్ల డీవీడీలో రికార్డ్ చేసే క్యామ్‌కార్డర్లవి.

ఫైల్ అసలు లేదు, క్యాసెట్ ఉంది: మినీ డీవీ, హెచ్‌డీవీ, డిజిటల్8, హై8. వీటి సంగతి కింద విడిగా చెప్తాం.

ఎక్స్‌టెన్షన్ చూసినా అనుమానంగా ఉంటే మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత యాప్ వేసుకోండి. ఫైల్‌ని దాని మీదకి లాగితే వీడియో, ఆడియో ఏ కోడెక్‌లో ఉన్నాయి, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఇంటర్‌లేస్డా కాదా అన్నీ చెప్పేస్తుంది. డాక్టర్ మందు రాసే ముందు టెస్ట్ రాయించినట్టు, ఏ కన్వర్టర్ ముట్టుకునే ముందైనా ఇది చూడటం అలవాటు చేసుకోండి.

స్టెప్ 3: ముందు ప్లే అవ్వాలి

దీనికి సమాధానం మీకు తెలిసిందే, వీఎల్‌సీ. పైన చెప్పిన ఫైల్స్ అన్నింటికీ కావాల్సిన డీకోడర్లు దాని లోపలే ఉంటాయి. బయటి నుంచి కోడెక్ ప్యాక్‌లు డౌన్‌లోడ్ చేయాల్సిన రోజులు పోయాయి. ఇప్పటికీ ‘ఈ ఫైల్ ప్లే అవ్వాలంటే ఇది ఇన్‌స్టాల్ చేయండి’ అని ఏదైనా సైట్ అడిగితే ఆ ట్యాబ్ క్లోజ్ చేసేయండి.

బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే? ఎక్కువగా దొంగ ఏసీ-3 ఆడియోనే. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఈ ఏసీ-3 కోడెక్ ఇవ్వడం ఆపేసింది. సొంత డీకోడర్ లేకుండా విండోస్ మీద ఆధారపడే యాప్‌లలో వీడియో మూగబోతుంది. పాత ల్యాప్‌టాప్‌లో బాగా వచ్చిన ఫైల్ కొత్త ల్యాప్‌టాప్‌లో మూగగా ఉండటానికి ఇదొక కారణం. వీఎల్‌సీలో సౌండ్ వస్తోందంటే ఫైల్ క్షేమంగా ఉన్నట్టే.

మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారా? అది కెమెరామన్ తప్పు కాదు. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో మామూలు క్వాలిటీ వీడియో 720 అడ్డం, 576 నిలువు పిక్సెళ్లలో ఉంటుంది. అదే సైజులో పాత టీవీ ఆకారం 4:3 వీడియో కూడా ఉంటుంది, వైడ్‌స్క్రీన్ 16:9 కూడా ఉంటుంది. ప్లేయర్ దాన్ని సాగదీసి చూపించాలి. 4:3 అయితే 768 అడ్డంగా, 16:9 అయితే 1024 అడ్డంగా. మోడ్ ఫైల్స్‌లో ‘నేను వైడ్‌స్క్రీన్’ అనే గుర్తు చాలాసార్లు వీడియో ఫైల్‌లో సరిగ్గా ఉండదు. వీఎల్‌సీలో కీబోర్డ్ మీద ‘ఏ’ నొక్కుతూ వెళ్తే ఆకారాలు మారతాయి. ముఖాలు మామూలుగా కనిపించిన చోట ఆపండి. ఆ నిష్పత్తి గుర్తుపెట్టుకోండి, ఎడిటింగ్‌లో మళ్లీ కావాలి.

ఆ దువ్వెన గీతల కథ

ఎక్కువమంది “క్వాలిటీ పోయింది” అనుకునేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

పాత డబ్బా టీవీ ఒక బొమ్మని ఒకేసారి గీయదు. ముందు ఒక వరస వదిలి ఒక వరస గీస్తుంది. తర్వాత వదిలేసిన వరసలు గీస్తుంది. ఇలా సెకనుకు 50 సగం బొమ్మలు. క్యామ్‌కార్డర్ కూడా అలాగే తీస్తుంది. రెండు సగాల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. ఆ కొద్ది సమయంలోనే ఊపే చెయ్యి కాస్త పక్కకి జరుగుతుంది. ఇప్పటి స్క్రీన్ రెండు సగాల్నీ ఒకే ఫ్రేమ్‌గా కలిపి చూపిస్తే సరి వరసల్లో చెయ్యి ఒక చోట, బేసి వరసల్లో ఇంకో చోట ఉంటుంది. అదే ఆ దువ్వెన. దీన్నే ఇంటర్‌లేసింగ్ అంటారు.

దీన్ని సరిచేయడమే డీఇంటర్‌లేసింగ్. వీఎల్‌సీలో ‘డి’ నొక్కితే ప్లే అవుతుండగానే గీతలు పోతాయి. కానీ ఫైల్‌గా కన్వర్ట్ చేసేటప్పుడు రెండు దారులున్నాయి, రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటి దారిలో సెకనుకు 25 ఫ్రేములు వస్తాయి. గీతలు పోతాయి, కానీ కదలికలో సగం కూడా పోతుంది. రెండో దారిలో ప్రతి సగం బొమ్మ నుంచీ ఒక పూర్తి ఫ్రేమ్ తయారుచేసి సెకనుకు 50 ఫ్రేములు ఇస్తుంది. దీనికి ‘బాబ్’ అని పేరు. పిల్లలు పరిగెత్తడం, కోలాటం, బారాత్‌లో డ్యాన్స్.. ఇవన్నీ అప్పుడు టీవీలో ఎంత నున్నగా కనిపించాయో అలాగే వస్తాయి. చాలా ఆన్‌లైన్ కన్వర్టర్లు ఇవేవీ అడగవు. గీతల్ని అలాగే వీడియోలో అచ్చేసి పంపిస్తాయి. ఒకసారి సైజు మార్చి కంప్రెస్ చేశాక ఆ గీతల్ని శుభ్రంగా తీయడం కుదరదు. ఒరిజినల్ దాచమని ఇన్నిసార్లు చెప్పేది అందుకే.

ఇంకో చిన్న మెలిక. రెండు సగాల్లో ముందు ఏది అనేది కూడా ఫార్మాట్‌ని బట్టి మారుతుంది. మినీ డీవీలో కింది సగం ముందు, ఏవీసీహెచ్‌డీ హై డెఫినిషన్‌లో పై సగం ముందు. సాఫ్ట్‌వేర్ తలకిందులుగా పట్టుకుంటే మనుషులు నడుస్తూ ముందుకీ వెనక్కీ వణుకుతున్నట్టు కనిపిస్తారు. అలా కనిపిస్తే ‘ఫీల్డ్ ఆర్డర్’ అనే సెట్టింగ్ మార్చి చూడండి.

స్టెప్ 4: ముక్కలైన క్లిప్పుల్ని కలపండి

తాళి కట్టే టైమ్‌కి సరిగ్గా ఒక ఫైల్ అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. కెమెరామన్ ఆపలేదు. మెమరీ కార్డులు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. అందుకే కెమెరాలు 4 జీబీ దగ్గర, కొన్ని 2 జీబీ దగ్గరే ఫైల్‌ని తెంపి కొత్తది మొదలుపెడతాయి.

ఈ ముక్కల్ని విడివిడిగా కన్వర్ట్ చేసి ఎడిటర్‌లో పక్కపక్కన పెడితే అతుకు దగ్గర చిన్న కుదుపు రావొచ్చు, లేదా మంత్రంలో ఒక అక్షరం మింగేసినట్టు సౌండ్ తెగొచ్చు. కాబట్టి ముందు కలపండి, తర్వాత కన్వర్ట్ చేయండి. ఎంటీఎస్ ఫైల్స్‌కి టీఎస్‌మక్సర్ అనే ఉచిత టూల్ బాగా పనిచేస్తుంది. మొదటి ముక్క యాడ్ చేసి, మిగతావి ‘జాయిన్’ బటన్‌తో వరసగా కలిపితే చాలు. లాస్‌లెస్‌కట్ అనే యాప్‌లో కూడా ‘మెర్జ్’ ఉంది. ఈ రెండూ వీడియోని మళ్లీ కంప్రెస్ చేయవు. పాత డబ్బాలోని సరుకు కొత్త డబ్బాలో పోసినట్టే, ఒక్క గింజ కూడా మారదు. గంట వీడియో అయినా ఎక్కువ టైమ్ పట్టదు.

అయితే కార్డులోని ఫైల్స్ అన్నీ ఒకే వీడియో ముక్కలు కావు. సరిగ్గా 2 లేదా 4 జీబీ దగ్గర ఆగిన ఫైల్, దాని తర్వాతది మాత్రమే ఒక జత. మిగతావి కెమెరామన్ బటన్ నొక్కి ఆపి తీసిన వేర్వేరు షాట్లు.

స్టెప్ 5: ఎడిట్ చేసే ముందు ఒక ‘ఎడిటింగ్ కాపీ’

“నా ల్యాప్‌టాప్‌లో గేమ్స్ ఆడతాను, ఫోన్ 4కే వీడియో కూడా ఎడిట్ చేస్తాను, ఈ పాత వీడియోకి ఎందుకు నత్తలా నడుస్తోంది?” అనే డౌట్ వస్తుంది. కారణం ఉంది. ఏవీసీహెచ్‌డీలో ప్రతి ఫ్రేమ్ పూర్తి బొమ్మ కాదు. సుమారు అర సెకనుకి ఒక పూర్తి ఫ్రేమ్ ఉంటుంది. మధ్యలో ఉన్నవన్నీ ‘ముందు బొమ్మతో పోలిస్తే ఇంత మారింది’ అనే లెక్కలే. ప్లే చేసేటప్పుడు వరసగా వెళ్తాం కాబట్టి ఇబ్బంది లేదు. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ లాగినప్పుడు ప్రతి చోటా కంప్యూటర్ వెనక్కెళ్లి లెక్క మొదట్నుంచీ కట్టాలి. దానికి తోడు ఇంటర్‌లేసింగ్ పని. మినీ డీవీ ఫైల్ దీనికి పూర్తిగా ఉల్టా. అందులో ప్రతి ఫ్రేమ్ దానికదే పూర్తి బొమ్మ. అందుకే సైజు పెద్దదైనా పాత కంప్యూటర్‌లో కూడా ఎడిటింగ్ చకచకా సాగుతుంది.

దీనికి పరిష్కారం ఎడిట్ చేయడానికి వేరే కాపీ తయారుచేసుకోవడం. హ్యాండ్‌బ్రేక్ ఉచితం, అందరికీ అందుబాటులో ఉంటుంది. సెట్టింగ్స్ ఇలా పెట్టండి:

ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ లేదా యాడిఫ్ తీసుకుని, ప్రీసెట్ ‘బాబ్’ పెట్టండి. డైమెన్షన్స్‌లో ఆకారం తప్పుగా ఉంటే వీఎల్‌సీలో మీరు గుర్తుపెట్టుకున్న నిష్పత్తి ప్రకారం డిస్‌ప్లే వెడల్పు సరిచేయండి. వీడియోలో ఎన్‌కోడర్ హెచ్.264, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18 దగ్గర ఉంచండి. ఈ నంబర్ తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, ఫైల్ కూడా పెరుగుతుంది. ఆడియోని ఏఏసీగా మార్చండి. ఇలా ఒకే దెబ్బకి గీతలు, ఆకారం, మూగ ఆడియో మూడు సమస్యలూ తీరతాయి. పూర్తి ఫంక్షన్ పెట్టేముందు ఎవరైనా బాగా కదిలే చోట ఒక నిమిషం ముక్క కన్వర్ట్ చేసి, మీడియాఇన్ఫోలో 50 ఫ్రేములు వచ్చాయో లేదో చూసుకోండి.

క్వాలిటీలో ఏ మాత్రం రాజీ వద్దనుకుంటే, డిస్క్‌లో ఖాళీ ఉంటే షటర్ ఎన్‌కోడర్ అనే ఉచిత టూల్‌తో ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకి మార్చండి. ఫైల్స్ చాలా పెద్దవవుతాయి, కానీ ప్రతి ఫ్రేమ్ పూర్తి బొమ్మే కాబట్టి టైమ్‌లైన్ వెన్నలా కదులుతుంది. డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్లకి ఇదే మంచి దారి. షాట్‌కట్ లాంటి ఉచిత ఎడిటర్లలో ప్రాక్సీ ఆప్షన్ ఉంది. చిన్న సైజు డమ్మీతో ఎడిట్ చేసి, చివరి ఎక్స్‌పోర్ట్‌కి అసలు ఫైల్ వాడుకుంటుంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు అది ఆన్ చేసుకోండి.

క్యాసెట్లు, చిన్న డీవీడీలు: ఆలస్యం చేయకూడనివి

మెమరీ కార్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మినీ డీవీ క్యాసెట్‌లో ఉన్నది డిజిటల్ సమాచారమే అయినా, అది అయస్కాంత టేపు మీద ఉంది. మన ఉక్కపోతకి, వర్షాకాలం తేమకి టేపుకి బూజు పట్టొచ్చు. టేపు బాగున్నా దాన్ని చదివే క్యామ్‌కార్డర్ మూలపడితే కష్టమే. కాబట్టి ఇంట్లో కార్డులు, క్యాసెట్లు రెండూ ఉంటే ముందు క్యాసెట్ల పని చూడండి.

క్యామ్‌కార్డర్‌కి యూఎస్‌బీ పోర్ట్ ఉంది కదా అని దాంట్లో పెడితే చాలా మోడల్స్‌లో ఫోటోలో, తక్కువ క్వాలిటీ వీడియోనో మాత్రమే వస్తుంది. పూర్తి క్వాలిటీ వచ్చేది ఫైర్‌వైర్ పోర్ట్ నుంచే. సోనీ దీన్నే ఐ.లింక్ అంటుంది, కెమెరా మీద ‘డీవీ’ అని కూడా రాసి ఉంటుంది. డెస్క్‌టాప్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు ఒకటి పెట్టుకుని, కెమెరా వైపు 4 పిన్నులు, కార్డు వైపు 6 పిన్నులు ఉన్న కేబుల్ తీసుకోవాలి. క్యాప్చర్‌కి విన్‌డీవీ లాంటి చిన్న ప్రోగ్రామ్ చాలు. కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కెమెరా ఆఫ్‌లో ఉంచండి. మ్యాక్ వాడేవాళ్లు గమనించాలి: మ్యాక్‌ఓఎస్ 26 టాహో నుంచి యాపిల్ ఫైర్‌వైర్ సపోర్ట్ తీసేసింది. పాత మ్యాక్ ఉంటే ఈ పని అయ్యేదాకా అప్‌డేట్ చేయకండి.

ఆన్‌లైన్‌లో ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న చవక కేబుల్స్ కనిపిస్తాయి. డబ్బులు దండగ. ఆ రెండు పోర్టులు మాట్లాడే భాషలు వేరు, ఆ కేబుల్ లోపల అనువాదం చేసే సర్క్యూట్ ఏదీ ఉండదు. అలాగే ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌లు హై8, వీహెచ్‌ఎస్ లాంటి పాత అనలాగ్ టేపులకి మాత్రమే పనికొస్తాయి. మినీ డీవీకి అవి వాడితే చేతిలో ఉన్న డిజిటల్ వీడియోని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టే.

డీవీ క్యాప్చర్ షార్ట్‌కట్ లేని పని. గంట టేపుకి గంట పడుతుంది, ఫైల్ దాదాపు 13 జీబీ అవుతుంది. ఆ ఫైల్ ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఉన్న డ్రైవ్ కావాలి. క్యాప్చర్ చేసేముందు టేపుని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ వెనక్కి తిప్పండి. బొమ్మలో గళ్లు గళ్లుగా వస్తే క్లీనింగ్ క్యాసెట్‌తో హెడ్ శుభ్రం చేయండి. టేపు మీద బూజు కంటికి కనిపిస్తే మాత్రం కెమెరాలో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కి అంటుకుని మిగతా టేపులకీ పాకుతుంది. టేపులు శుభ్రం చేసేవాళ్లకి ఇవ్వడమే మంచిది.

8 సెంటీమీటర్ల డీవీడీలతో సమస్య వేరు. రికార్డింగ్ అయ్యాక కెమెరాలో ‘ఫైనలైజ్’ చేయకపోతే కంప్యూటర్ ఆ డిస్క్‌ని ఖాళీ అంటుంది. వెంటనే పారేయకండి. కెమెరా పనిచేస్తే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయండి. కెమెరా పోయి ఉంటే ఐసోబస్టర్ అనే ప్రోగ్రామ్ అలాంటి డిస్కుల్ని చదవగలదు. ఇంకో ముఖ్యమైన మాట: డిస్క్‌ని లోపలికి లాక్కునే స్లాట్ డ్రైవ్‌లో ఈ చిన్న డిస్కులు పెట్టొద్దు, ఇరుక్కుంటాయి. ట్రే బయటికొచ్చే డ్రైవ్ అయితే మధ్యలో చిన్న గుంత ఉంటుంది, అందులో సరిగ్గా కూర్చుంటుంది.

అమెరికా నుంచి వచ్చిన కెమెరానా?

మన ఇళ్లలో క్యామ్‌కార్డర్లు చాలావరకు బజాజ్ ఈఎంఐలో కొన్నవి కావు, బాబాయో పెద్దమ్మ కొడుకో సెలవులకి వస్తూ సూట్‌కేస్‌లో తెచ్చినవి. అక్కడ కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో తీస్తుంది. సెకనుకు 29.97 ఫ్రేములు, అంటే దాదాపు 60 సగం బొమ్మలు. ఇక్కడి స్టూడియో తీసింది పాల్, సెకనుకు 25 ఫ్రేములు. ఒకే పెళ్లిలో రెండు కెమెరాలూ ఉంటే రెండింటినీ ఒకే టైమ్‌లైన్‌లో పోసినప్పుడు ఏదో ఒకటి తడబడుతూ కనిపిస్తుంది.

ఏ కెమెరా ఫుటేజ్ ఎక్కువ ఉందో ఆ లెక్కకి ప్రాజెక్ట్ పెట్టండి. పాల్ ఎక్కువైతే 50, అమెరికా కెమెరా ఎక్కువైతే 59.94. రెండూ సమానంగా ఉంటే వేర్వేరు వీడియోలుగా చేయడమే హాయి. ఇప్పటి టీవీలు, ఫోన్లు రెండింటినీ ఆడిస్తాయి కాబట్టి అమెరికా ఫుటేజ్‌ని ‘ఇండియా ఫార్మాట్’లోకి మార్చాల్సిన అవసరమే లేదు.

బయటికి ఇచ్చేటప్పుడు

యూట్యూబ్‌లో పెడతారా? అక్కడ 50, 60 ఫ్రేముల నున్నటి కదలిక 720పీ, అంతకంటే పెద్ద సైజులోనే దొరుకుతుంది. 576 లైన్ల వీడియోని అలాగే ఎక్కిస్తే మీరు కష్టపడి తెచ్చిన 50 ఫ్రేములు పోతాయి. ఎక్స్‌పోర్ట్‌లో 4:3 వీడియోని 1440 బై 1080కి, వైడ్‌స్క్రీన్‌ని 1920 బై 1080కి పెంచండి. కొత్త డీటెయిల్ ఏమీ రాదు, కానీ ఉన్నది నిలుస్తుంది. 4:3 వీడియోకి పక్కల నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. స్క్రీన్ నిండాలని సాగదీస్తే పెళ్లికూతురు లావైపోతుంది, ఆ కోపం మీ మీదే!

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూప్‌లో మామూలు వీడియోగా పంపితే బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఇక దాచుకునే విషయం. మీ దగ్గర ఇప్పుడు మూడు రకాల ఫైల్స్ ఉన్నాయి: కార్డు లేదా టేపు నుంచి తీసిన ఒరిజినల్, ఎడిటింగ్ కాపీ, ఫైనల్ వీడియో. స్థలం చాలకపోతే మధ్యదాన్ని డిలీట్ చేయండి, అది మళ్లీ తయారవుతుంది. ఒరిజినల్‌ని మాత్రం కనీసం రెండు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టండి. వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. అన్నింటికీ ఒకే పెన్‌డ్రైవ్ అంటే అది బ్యాకప్ కాదు, ఇంకో ప్రమాదం.

ఫైనల్ వీడియో అందరూ ఒకసారి చూస్తారు, కళ్లు తుడుచుకుంటారు, మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోతారు. పదేళ్ల తర్వాత ఇంకా మంచి డీఇంటర్‌లేసింగ్, ఇంకా మంచి అప్‌స్కేలింగ్ టూల్స్ వస్తాయి. అప్పుడు వాటికి కావాల్సింది మీరు ఈరోజు ఎక్స్‌పోర్ట్ చేసిన ఎంపీ4 కాదు, ఎవరూ పట్టించుకోని ఆ ‘00000.ఎంటీఎస్’. ఈ వీకెండ్ ఇంకేం చేసినా చేయకపోయినా, ఆ ఒక్క ఫోల్డర్ కాపీ చేసి పెట్టండి.